యాభై మూడేళ్ళకి పళ్ళ క్లిప్పులు

పిరోట్ పట్టణంలో గ్రాదిమిర్ అంటే ఎవరికీ భయం లేదు. గ్రాదిమిర్‌కి మాత్రం ఇద్దరంటే భయం. ఒకరు భార్య యాగొద. రెండో మనిషి కాఫీకొట్టు స్నేహితుడు మోమ్చిలో. భార్య తిడితే ఆ తిట్టు నాలుగు గోడల మధ్య ఉంటుంది. మోమ్చిలో నోట్లో పడిన మాట మధ్యాహ్నానికల్లా నది అవతలి ఒడ్డుక్కూడా వినబడుతుంది. అందుకే ఊళ్ళో అతన్ని రేడియో మోమ్చిలో అంటారు.

ఆ సోమవారం రేడియో పొద్దున్నే మోగింది.

"ఏరా, మీ ఆవిడ పళ్ళు బాగుచేయిస్తోందట కదా?"

"ఏం పళ్ళు? ఈ ఏడు మా పెరట్లో ప్లమ్ కాపు బాగానే ఉంది."

"చెట్టుకి కాసినవి కాదురా, నోట్లో మొలిచినవి. స్కూలు పిల్లలు పెట్టుకుంటారే, ఆ ఇనప క్లిప్పులు. మా ఆవిడ కళ్ళారా చూసిందట, ఎండలో తళుక్కుమన్నాయట."

కాఫీకొట్టు కొట్టంతా నవ్వింది. గ్రాదిమిర్ కాఫీ సగంలో వదిలేసి ఇంటికి నడిచాడు.

యాగొద మగ్గం ముందు కూర్చుని తివాచీ నేస్తోంది. మొగుడి మొహం చూడగానే సంగతి పట్టేసి, నోరు చెవుల దాకా తెరిచి చూపించింది. పైవరస పొడుగునా సన్నటి తీగ, పన్నుకో బొత్తాం.

"యాభై మూడేళ్ళకి క్లిప్పులేమిటే?"

"నలభై మూడేళ్ళప్పుడు పెట్టించుకుందామంటే ఇప్పుడెందుకన్నావు. ముప్ఫై మూడప్పుడూ అదే అన్నావు. అరవై మూడు దాకా ఆగితే పెట్టించుకోడానికి పళ్ళుండాలి కదా."

"ఊరంతా నవ్వుతోంది."

"నవ్వనీ. వాళ్ళ పళ్ళెలా ఉన్నాయో నేనూ చూస్తాను."

అసలు యాగొద పై కోరపన్ను ఒకటి వంకర తిరగడానికి కారణం వాళ్ళమ్మ. ఇంకా కదలని పాలపన్నుకి దారం కట్టి, ఆ దారాన్ని తలుపుకి కట్టి పీకేసింది. ఖాళీ అయిన చోట్లోకి పక్క పళ్ళు జరిగిపోయాయి. అసలు పన్ను వచ్చేసరికి చోటు లేక, రద్దీ బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడినవాడిలా పైన వేలాడుతూ మొలిచింది. బళ్ళో యాగొదకి 'కూలిన దడి' అని పేరు పెట్టారు. వచ్చే ఏడు నీష్ నగరంలో తివాచీల ప్రదర్శన. నేతగాళ్ళందరి తరఫునా ఆవిడే వేదికెక్కి మాట్లాడాలి. మూసుకున్న నోటితో ఉపన్యాసం ఎలాగూ ఇవ్వలేనని, ఎవరికీ చెప్పకుండా పోయి క్లిప్పులు వేయించుకుంది.

మాటలతో ఈవిడ లొంగదని గ్రాదిమిర్‌కి ముప్ఫై ఏళ్ళ అనుభవం. అందుకని ఉపాయం ఆలోచించాడు. క్లిప్పులున్న నోటితో గట్టి తిండి తినలేరు. నాలుగు రోజులు నోరు కట్టేసుకుంటే తనే పోయి ఊడబెరికించుకుని వస్తుంది.

మంగళవారం సంచీడు అక్రోట్లు తెచ్చాడు.

"గుండెకి మంచివట," అన్నాడు.

"నా గుండె మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?" అంది యాగొద. రోట్లో వేసి పిండి చేసి, తేనె కలుపుకుని చెంచాతో తినేసింది.

బుధవారం కాల్చిన మొక్కజొన్న కండెలు. గింజలన్నీ కత్తితో గీకేసి మెత్తగా ఉడకబెట్టుకుంది. గురువారం పంది పక్కటెముకలు. ఉడికించి ఉడికించి మాంసం దూదిలా చేసి తాను తిని, ఎముకలు మొగుడికి వడ్డించింది.

"కొరుకు గ్రాదిమిర్. నీవి స్వేచ్ఛగా తిరిగే పళ్ళు కదా."

ఇలా మూడు వారాలు ఇనప గుగ్గిళ్ళ పూజ సాగింది. యాగొద చిక్కలేదు సరికదా, రోట్లో రుబ్బి రుబ్బి జబ్బలు గట్టిపడ్డాయి. చిక్కింది గ్రాదిమిరే. రుబ్బుకున్నది ఆవిడ తినేసేది, మిగిలిన గట్టిదంతా అతని వాటా.

ఇక ఆఖరి అస్త్రం తీశాడు. ఇస్త్రీ సాసేజి. మేకమాంసాన్ని సీసాతో అదిమి అదిమి, చలిగాలికి ఎండబెట్టి చెక్కలా చేస్తారే, అది. అందులోనూ నిరుటిది. ఇస్త్రీకి లొంగని స్త్రీ ఉండదని ధీమా. సాక్ష్యం ఉంటుందని ఆదివారం భోజనానికి మోమ్చిలోని కూడా పిలిచాడు.

యాగొద సాసేజిని చూసింది, మొగుణ్ణి చూసింది. చాకు తీసి కాగితమంత పల్చగా ముక్కలు కోసింది. ఒక్కొక్కటీ నాలుక మీద పెట్టుకుని, చాక్‌లెట్టులా కరిగించి మింగింది.

"కోసుకుని తినడం గొప్పా?" అన్నాడు గ్రాదిమిర్, ఉడుకుమోత్తనంతో. "మా నాన్న దీన్ని కొరుక్కుని తినేవాడు."

"మీ నాన్న పోయేనాటికి ఆయన నోట్లో పళ్ళెన్ని?"

మోమ్చిలో కిసుక్కుమన్నాడు. దాంతో గ్రాదిమిర్‌కి రోషం వచ్చింది. మిగిలిన సాసేజి చెక్కను రెండు చేతులా పట్టుకుని, ఎడమ దవడలో పెట్టి, పటుక్కున కొరికాడు. 

పటుక్కుమంది. సాసేజి మాత్రం చెక్కుచెదరలేదు.

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. గ్రాదిమిర్‌కి రాయి కూడా అక్కర్లేకపోయింది.

మర్నాడు దవడ పట్టుకుని, భార్య వెనకాలే పళ్ళడాక్టర్ నెవెన దగ్గరికి వెళ్ళాడు. డాక్టర్ అతని నోట్లో దీపం వేసి చాలాసేపు చూసింది.

"ఇక్కడో దవడ పన్ను ఎప్పుడో పీకించుకున్నారు కదూ?"

"ఇరవై ఏళ్ళయింది."

"దాని చోటు ఖాళీగా వదిలేశారు. రెండు పక్కలవీ అందులోకి ఒరిగిపోయాయి. ఒరగడంతో కింది పన్నూ పై పన్నూ సరిగ్గా కలవక, నమిలే బరువంతా ఒక్కదాని మీదే పడింది. అదే నిన్న విరిగింది. తొడుగు వెయ్యాలంటే చోటు లేదు. ముందు ఒరిగినవాటిని నిలబెట్టాలి."

"నిలబెట్టడమంటే?"

"క్లిప్పులు."

గ్రాదిమిర్‌కి కుర్చీలోంచి లేవాలనిపించింది గాని నోట్లో అద్దం ఉంది.

"ఈ వయసులో పళ్ళు కదులుతాయా డాక్టర్ గారూ?" అన్నాడు అద్దం తీశాక.

"చిగుళ్ళు గట్టిగా ఉంటే పన్ను వయసడగదు. తీగ రోజంతా మెల్లిగా నెడుతుంటే, ఎముకే ఒక పక్క కరిగి ఇంకో పక్క పెరిగి దారి ఇస్తుంది. కాకపోతే పెద్దవాళ్ళలో కాస్త నిదానం. మీకు ఏడాదిన్నర. తర్వాత మళ్ళీ ఒరగకుండా పడుకునేటప్పుడు తొడుక్కోడానికి ఒక అచ్చు ఇస్తాను."

"కనబడని ప్లాస్టిక్‌వి ఉంటాయట?"

"ఉంటాయి. కానీ మీవి బాగా ఒరిగిపోయాయి, తీగకే లొంగుతాయి."

సరే, పేరు రాయించుకుందామని బయటి బల్ల దగ్గరికి వచ్చాడు. అక్కడి అమ్మాయి పుస్తకం తిప్పి, "మీ పేరు ఎప్పుడో ఉందండీ. మూడు వారాల కిందటే రాయించారు," అంది.

"నేనెప్పుడూ రాయించలేదే. ఎప్పుడది?"

"మంగళవారం."

గ్రాదిమిర్ పుస్తకంలోకి తొంగిచూశాడు. తేదీ అక్రోట్లు తెచ్చిన రోజుది. దస్తూరి యాగొదది. 'బాధ ఏమిటి' అన్న గడిలో రెండే మాటలు ఉన్నాయి: 'పన్ను విరగబోతోంది.'

అతను వెనక్కి తిరిగాడు. యాగొద కిటికీలోంచి వీధిని ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

వారం తిరక్కుండా క్లిప్పులు పడ్డాయి. ఇద్దరూ నడిచి ఇంటికి వస్తుంటే, వంతెన మీద ఎదురుగా మోమ్చిలో కనబడ్డాడు. గ్రాదిమిర్ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"దించు," అంది యాగొద.

"ఊరంతా చెప్పేస్తాడే."

"మన పెళ్ళి ఫోటోల్లో నా మొహం ఎక్కడైనా పూర్తిగా ఉందా? అన్నింట్లోనూ సగం చెయ్యే. ఇంట్లో ఇంకొకళ్ళు అలా బతకడానికి నేనొప్పుకోను. దించు."

గ్రాదిమిర్ నడక ఆపాడు. పెళ్ళికూతురు సిగ్గుపడి నోరు మూసుకుందని ఇన్నేళ్ళూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. మెల్లిగా చెయ్యి దించాడు. దించి, మోమ్చిలో దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఉన్న పళ్ళన్నీ కనబడేలా ఇకిలించాడు.

"ఓరి నీ, నీకూనా?" అన్నాడు రేడియో.

"ఆ, నాకూనూ. బాగా చూసుకుని చెప్పు, పైన పద్నాలుగు, కింద పన్నెండు. తప్పు వార్త చెప్పకు."

మోమ్చిలో నవ్వబోయి, ఎందుకో ఆగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నొప్పి పుడుతుందా? ఆ డాక్టరమ్మ ఎన్నింటికి కూర్చుంటుంది?"

"తొమ్మిదింటికి. మొదట్లో రెండ్రోజులు సలుపుతుంది, అంతే."

"ఇంతకీ ఈ ఆలోచన ఎవరిదిరా?"

"నాదే," అన్నాడు గ్రాదిమిర్, ఛాతీ విరిచి.

పక్కన యాగొద చిన్నగా దగ్గింది.

"అంటే," అన్నాడు గ్రాదిమిర్, "ఆవిడది. సాసేజి మాత్రం నాది."