నానని పడవ

గురువారం పొద్దున బాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పడవ నిండా నీళ్ళు పోయాలి, ఆదివారం దాకా దాని జోలికి ఎవరినీ పోనివ్వకూడదు. ఇంత చిన్న పని కూడా చెడిపోతుందని ఎవరూ అనుకోరు. తండాలో బాలు ఒక్కడే కాదు, చెడగొట్టిన వాళ్ళు కూడా అనుకోలేదు.

పడవ బాలు సొంతం. వయసులో ఉన్నప్పుడు అతను హైదరాబాదులో ఒక పడవల క్లబ్బులో పనిచేశాడు. పెద్దపెద్ద దొరలు సరదాకు నడిపే తెరచాప పడవలను కడిగి, తుడిచి, వాళ్ళు లేనప్పుడు తానూ నడిపి ఆ విద్య నేర్చుకున్నాడు. క్లబ్బు వాళ్ళు ఒక పాత కొయ్య పడవను పారేస్తామంటే అడిగి పుచ్చుకుని, మిరప బస్తాలు దించి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో వేయించి కేసముద్రం దగ్గరి తమ తండాకు తెచ్చాడు. ఊరి చెరువులో నడుపుతానన్నాడు. ఆ యేడు చెరువు ఎండిపోయింది. మరుసటి యేడు గోరీతో పెళ్ళయింది. ఆ తరువాత క్లబ్బు పని పోయి, ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని దొరికింది. అప్పటి నుంచి పడవ హన్మంత్ పటేల్ గారి పత్తి షెడ్డులో కోళ్ళకు కాపురమైపోయింది.

గోరీ కాపురం సంగతి అంతకంటే గొప్పగా లేదు. మొగుడు నెలకో ఆదివారం చుట్టంలా వస్తాడు, సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, బర్రెలు మారాయి, ఆమె తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఇవన్నీ బాలు ఆదివారాల్లో చూసి తెలుసుకున్నవే.

అందుకే హన్మంత్ పటేల్ కబురు పంపగానే అతను సెలవు పెట్టి వచ్చేశాడు. పటేల్ గారికి అటు భూములూ ఇటు రాజకీయమూ ఉన్నాయి గాని, తన పేరు ఇంతవరకు ఏ శిలాఫలకం మీదా ఎక్కలేదన్న దిగులుంది.

"ఆదివారం టూరిజం మేడం వస్తది బాలూ. చెరువుల నీ పడవ తేలి, తెరచాప లేచిందనుకో, బోటింగు మంజూరు. కట్ట మీద నౌకరీ నీదే. లేకుంటె నేను గూడ ఏం జెయ్యలేను."

అపార్టుమెంటు సెక్రటరీ సోమవారం లోపల రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నాడు. ఇక మిగిలింది ఆదివారమే. పడవ తేలితే బాలు ఇంట్లో ఉంటాడు, మునిగితే అపార్టుమెంటు గేటు దగ్గర ఉంటాడు.

కొయ్య పడవ ఏళ్ళ తరబడి పొడిగా పడి ఉంటే చెక్కలు ముడుచుకుపోయి, సందుల్లోంచి ఎండ కనిపిస్తుంది. దాన్ని తిన్నగా చెరువులో దించితే జల్లెడను దించినట్టే. ముందు దాని కడుపు నిండా నీళ్ళు పోసి కొన్నాళ్ళు నానబెడితే, చెక్కలు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఇది బాలుకు బాగా తెలుసు, అందుకే పడవను షెడ్డులోంచి తన వాకిట్లోకి తెప్పించి పైపు పెట్టాడు. కాని తెలిసింది ఇంకొకరికి చెప్పే అలవాటు అతనికి లేదు. పట్నంలో దొరల పడవలు నడిపిన మనిషి తండా వాళ్ళకు వివరించి చెప్పుకోవడమేమిటని ఒక బిగువు.

"పడవను నీళ్ళల్ల ఎయ్యాలె గని, పడవల నీళ్ళు పోసుడేంది బాలన్నా?" అన్నాడు పంచాయతీ సఫాయి పనిచేసే మొగిలి.

"నీకు చెప్పినా సమజ్ కాదు," అన్నాడు బాలు, పైపు మార్చి పట్టుకుంటూ.

గోరీ కడవ చంకన పెట్టుకుని వచ్చింది. "పొద్దటి సంది దానికే తాపుతున్నవు. అక్కడ బర్రె ఒర్రుతున్నది, దానికెవరు తాపాలె?"

"రేపు నేను తాళ్ళు, గిలకలు తేనీకి కేసముద్రం పోతున్న. దీన్ని ఎవ్వరినీ ముట్టనియ్యకు."

"ఎందుకు?"

"ముట్టనియ్యకంటె ముట్టనియ్యకు."

పడవలోంచి కారిన నీళ్ళకు వాకిలంతా బురదయింది. సాయంత్రానికి కారడం కొంచెం తగ్గింది. శుక్రవారం పొద్దున బాలు మరో రెండు డ్రమ్ముల నీళ్ళు పోసి, నిమ్మళంగా బస్సెక్కాడు.

పాపం, వారం చూసుకోలేదు. శుక్రవారం డ్రై డే. ఊళ్ళో తొట్లూ డ్రమ్ములూ పాత టైర్లూ కొబ్బరి చిప్పలూ, ఎందులో నీళ్ళు నిలిచి ఉంటే అందులోంచి ఒంపించి, దోమలు పుట్టకుండా చేసి, ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆశా కార్యకర్త భద్రమ్మ మొగిలిని వెంటబెట్టుకుని తండాకు వచ్చింది. తన సర్వీసులో ఇంత పెద్ద కొబ్బరి చిప్పను ఆమె ఎన్నడూ చూడలేదు.

"గోరీ, గిదేంది? గిన్ని నీళ్ళెందుకు నిలవబెట్టిన్రు?"

"నాకేం ఎర్క అక్కా. ఎవ్వరినీ ముట్టనియ్యకు అన్నడు."

"ఎందుకంట?"

"గది చెప్పలే."

"డెంగీ దోమకు గూడ గట్లనే చెప్పిండా, ముట్టకుమని?" అని భద్రమ్మ కొంగు బిగించింది. "మొగిలీ, నలుగుర్ని పిలువు. ఒక్కపారి ఒంచితె అయిపాయె."

ఒంచారు. లోపలా బయటా బ్లీచింగు పౌడరు చల్లారు. తేమ అనేది మిగలకుండా పడవను ఎండకు ఎదురుగా పక్కకు వాల్చి రాళ్ళు ఆనించారు. ఒంచక ముందు ఒకటి, ఒంచాక ఒకటి ఫోటోలు తీశారు. ఆ వారం జిల్లాలో అంత మంచి పని ఎక్కడా జరగలేదని పై అధికారులు గ్రూపులో మెచ్చుకున్నారు. ఫోటో చూసి హన్మంత్ పటేల్ కూడా బాలుకు ఫోన్ చేశాడు.

"మంచిగ ఎండబెట్టినవ్ బాలూ. గట్ల పొడిగ ఉంటె మేడం కూడ ఖుషీ అయితది."

బాలుకు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అర్థమయింది. ఫాల్గుణ మాసపు ఎండకు చెక్కలు మునుపటికంటే ఎక్కువ నోళ్ళు తెరిచి ఉన్నాయి. అతను వాకిట్లో చతికిలబడ్డాడు. భద్రమ్మను ఏమీ అనలేడు, ఆమె వెనక సర్కారుంది. గోరీ మీద పడ్డాడు.

"నీకు చెప్పి పోయిన గదా?"

"ఏం చెప్పినవు? ముట్టనియ్యకన్నవు. నానబెట్టిన అని ఒక్క మాట అంటె నేను దాంట్లెనే పండుకుంటుంటి, ఎవడు ఒంపుతడో చూస్తుంటి," అంది గోరీ.  ఆదివారం పడవ మునిగితే ఏమవుతుందో ఆమెకు బాలుకంటే బాగా తెలుసు.

మళ్ళీ నానబెట్టడానికి వ్యవధి లేదు. శనివారమంతా బాలు పటేల్ గారి షెడ్డులోని పత్తిని పేనిపేని సందుల్లో కూరి, రోడ్డు పనుల్లో మిగిలిన డాంబరు కాచి పైన పూశాడు. సాయంత్రానికి చెయ్యి కడుక్కుని తెరచాప అడిగాడు.

"తెరచాప అంటె ఏంది?" అంది గోరీ.

"తెల్ల బట్ట. మందంది. పడవతోటి తెచ్చిన, యాదికి లేదా? మూడు మూలలు ఉంటది."

గోరీ ముఖం మాడిపోయింది. "మిరపకాయలు ఆరబోసే మూడు మూలల పరదానా?"

తండా మొత్తానికి తెలిసిన వస్తువది. నీళ్ళు దిగవు, చినగదు. ఏటా మిరప ఏరే కాలంలో ఈ కల్లం నుంచి ఆ కల్లానికి తిరుగుతుంది. దాని మీద ఎండని మిరపకాయ తండాలో లేదు. ఇప్పుడది పక్కింటి ద్వాళి కల్లంలో ఉంది. ఇద్దరూ వెళ్ళి చూస్తే తెరచాపకు తెల్లదనం ఒక్క కుట్ల దగ్గరే మిగిలింది. మిగతాదంతా కారం రంగు.

"గింత మంచి పరదా ఏడ కొన్నవు తమ్మీ?" అంది ద్వాళి కాయలు ఎత్తుతూ. "ఇంకొకటి దొరికితె నాకు గూడ పట్టుకరా."

బాలు దాన్ని రెండుసార్లు దులిపి మడత పెట్టాడు. ముగ్గురూ తుమ్మారు.

"ఉతుకుదాం," అంది గోరీ. "మస్తు ఘాటున్నది. తెల్లారేసరికి ఆరుతది."

"తెరచాపను ఉతుకుతరా ఎక్కడన్న? నీకు చెప్పినా సమజ్ కాదు."

నిజానికి ఉతుకుతారు. క్లబ్బులో అతనే ఎన్నోసార్లు ఉతికాడు. కాని పడవ విషయంలో పెళ్ళాం మాట విన్నాడంటే, అన్నేళ్ళ విద్యకు విలువేముంటుంది?

ఆదివారం చెరువు కట్ట మీద షామియానా వేశారు. మైకు పెట్టారు. టూరిజం ఆఫీసరు అక్షయ మేడం కారు దిగింది. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టల్లో హన్మంత్ పటేల్ ఆమెకు చెరువును చూపించాడు, తన పొలం చూపించినట్టు. కొబ్బరికాయ కొట్టారు. ఇద్దరూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవెక్కారు. బాలు లోతు దాకా తోసుకుంటూ పోయి తానూ ఎక్కాడు.

పడవ తేలింది. కట్ట మీద చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో గోరీ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమెను చూసి బాలు గుండె నిండిపోయింది. రేపటి నుంచి రోజూ ఇంటి కూడు తింటానని అతను ఆ క్షణాన గట్టిగా నమ్మాడు. నమ్మి, తాడు లాగాడు.

"ఎర్ర తెరచాపా? ఎంత బాగుంది," అంది అక్షయ మేడం. "రంగు ఇక్కడే వేయించారా?"

జవాబు గాలి చెప్పింది. చెరువు మీంచి కట్ట వైపు ఒక్క విసురు వచ్చింది. తెరచాప దబదబా కొట్టుకుంది. ఎన్నో పంటల కారం అందులోంచి మేఘంలా లేచింది.

ముందు మైకు తుమ్మింది. తరువాత షామియానా తుమ్మింది. బ్యాండు వాళ్ళు వాయిస్తున్నది ఆపి పరుగెత్తారు. కళ్ళు మూసుకున్న భద్రమ్మ గ్యాసు లీకయిందని నూట ఎనిమిదికి ఫోన్ కొట్టింది. పడవలో పటేల్ గారు రెండు చేతులా కళ్ళు నులుముకుంటూ లేచి నిలబడ్డారు. ఆ పొరపాటు చేయకుండా ఉంటే బాగుండేది.

"కూసోండి పటేలా, పడవ వాలుతది."

"ఏడ కూసోవాలె? నాకేం కనవడ్తలేదు."

"ఉన్న కాడనే కూసోండి."

"ఉన్న కాడ నీళ్ళున్నయి కదరా."

ఉన్నాయి. పడవ వాలగానే పత్తి పేనికలు ఒక్కొక్కటే ఊడి బయటికొచ్చాయి. అక్షయ మేడం కాళ్ళు మునిగాయి, ఆ వెనక మోకాళ్ళు మునిగాయి. బాలు కళ్ళూ మండుతున్నాయి. గుడ్డివాడిలా నీళ్ళలో దూకి, మేడంను భుజాన వేసుకుని ఈదాడు. కాలు అందిన చోట ఆమెను నిలబెట్టి మళ్ళీ వెళ్ళాడు. అప్పటికి చెరువు పైన తెరచాప కొయ్యా, దాన్ని కావలించుకున్న పటేలూ మాత్రమే మిగిలారు. విడిపించి తేవడానికి చాలాసేపు పట్టింది, పటేల్ గారు కొయ్యను వదలనన్నారు.

దవాఖానలో కట్ట మీది జనమంతా వరుసగా పడుకుని కళ్ళు కడిగించుకుంటున్నారు. బాలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నౌకరీ చెరువులో మునిగిందని అతనికి తెలుసు. ఇక తిట్లు మిగిలాయి, అవి తిని పోదామని చూస్తున్నాడు.

కళ్ళకు గంతలు కట్టుకున్న అక్షయ మేడం అతన్ని పిలిపించింది.

"బాలు గారూ, మీరు లేకపోతే ఇవాళ రెండు ప్రాణాలు పోయేవి. మీలాంటి మనిషిని ఇక్కడ వదిలెయ్యడం అన్యాయం. హైదరాబాదులో మా బోటింగులో ప్రమాదాలప్పుడు కాపాడే మనిషి కోసం వెతుకుతున్నాం. రేపే చేరండి, నేను మాట్లాడేశాను."

"గట్ల కాదు మేడం. చెరువు కాడ..."

"ఈ చెరువులో బోటింగు పెట్టం. ఇక్కడి గాలి మంచిది కాదని రాస్తున్నాను."

 బతుకులో మొదటిసారి అతను అంతా వివరించి చెప్పాడు. చెక్కలు ముడుచుకోవడం, నానబెట్టడం, శుక్రవారం ఒంపడం, మూడు మూలల పరదా, ద్వాళి కల్లం, గాలిలో తప్పు లేదనీ, తప్పంతా తన నోటిదేననీ, ఏదీ దాచకుండా చెప్పాడు. మేడం ఓపికగా విన్నది. విని, పాపం బాగా భయపడ్డాడు, ఏదైనా మాత్ర ఇవ్వండి అని నర్సుకు చెప్పింది.

బయట గోరీ నిలబడి ఉంది.

"నౌకరీ వచ్చిందంట. మొగిలి చెప్పిండు."

"వచ్చింది."

"ఏడ?"

బాలు తల దించుకున్నాడు. గోరీకి ఇంకొక మాట అక్కర్లేకపోయింది. ఆమె కళ్ళు ధారగా కారాయి. కారం పడిందనుకుని నర్సు ఆమెను కూడా పట్టుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టి కళ్ళలో నీళ్ళు పోసింది.

సోమవారం హన్మంత్ పటేల్ కేసముద్రం స్టేషనుకు వచ్చి బాలుకు శాలువా కప్పాడు. తండా మనిషికి హైదరాబాదులో సర్కారు నౌకరీ ఇప్పించానని అక్కడున్న అందరికీ చెప్పుకున్నాడు. వారం తరువాత చేపలు పట్టే వాళ్ళు చెరువులోంచి పడవను లాగారు. చెక్కలు నాని, ఉబ్బి, లోపల పోసిన నీళ్ళు లోపలే ఉంటున్నాయని మొగిలి ఫోన్లో చెప్పాడు.

కొత్త ఉద్యోగం మంచిదే. టోపీ ఇచ్చారు, మెళ్ళో వేసుకోను ఈల ఇచ్చారు. కాకపోతే వాచ్‌మన్‌గా ఉన్నప్పుడు నెలకో ఆదివారం దొరికేది. ఆదివారాలూ పండుగలూ జనం పడవలెక్కే రోజులు గనుక, ఇందులో అవి దొరకవు.