బొమ్మలాయన వెబ్‌సైట్

పొద్దున బొమ్మలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, తన బొమ్మలతో ఒక వెబ్‌సైట్ చేసి, సాయంత్రంలోగా ఆ లింకును బొమ్మలు గీసే ఉద్యోగం కోసం పిల్లల పుస్తకాలు వేసే సంస్థకు పంపాలి. పనిచేస్తున్న పత్రిక మూతపడినప్పటి నుంచి ఖాళీయే. ఈ ఉద్యోగమూ రాకపోతే ఆయనకు బొమ్మలాయనన్న పేరొక్కటే మిగులుతుంది.

"ఏదో ఒకదాన్లో పెట్టేయండి. వాళ్ళు చూసేది బొమ్మల్నేగా!" అంది భార్య, ఆఫీసుకు వెళ్తూ చెప్పులేసుకుంటూ.

ఏదో ఒకటి అంటే ఏది? వెబ్‌సైట్ చేసిపెట్టే మొదటి టూల్‌లో పేజీ తళతళలాడింది గాని, బొమ్మలన్నిటినీ గుండ్రంగా కత్తిరించేసింది. ఏనుగుకు తొండం పోయింది. రెండోదానిలో తొండం తిరిగొచ్చిందని మురిసిపోయి మొదటిదాన్ని తుడిచేశాడు. తీరా చూస్తే ఏనుగు కాళ్ళ మీద మొలల మందు ప్రకటన వచ్చి కూర్చుంది. దిక్కుతోచక బావమరిదికి ఫోన్ చేశాడు. చేయకుండా ఉండాల్సింది.

బావమరిది రానే వచ్చాడు. తెర వంక చూసి పెదవి విరిచాడు.

"రెడీమేడ్ టూల్సేంటి బావా, పరువు తక్కువ! నీలాంటోడికి సొంతంగా కోడ్ రాయాలి. నేనున్నాగా!"

"సాయంత్రానికి అవుతుందా?"

"చిటికెలో పని. ముందు ఆ రెండోది పీకెయ్. నీ బొమ్మలు మరీ బరువు, సైటు కదలదు. అన్నిట్నీ చిన్నవి చెయ్."

చేశాడు. పాత బొమ్మ పొరపాటున అచ్చుకు పోకూడదని, మార్చిన ప్రతిసారీ పాతదాని మీదే సేవ్ చేయడం పత్రికలో నియమం. చేతికి పట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది? ఏనుగు చీమంతైంది. పెద్దది చేయబోతే గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది.

"వేరే కాపీ ఉంచావుగా బావా?"

"నువ్వు చెప్పలేదుగా!"

బావమరిదికి ఉన్నట్టుండి అర్జెంటు పనొకటి గుర్తొచ్చింది. బొమ్మలాయన కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా గీసిందంతా ఒక్క పూటలో నీళ్ళపాలైంది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

సాయంత్రం ఆ పుస్తకాల సంస్థ సంపాదకురాలి ఫోన్ వచ్చింది. "లింకు రాలేదేంటండీ?"

జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఏ టూల్ ఎక్కడ ముంచుతుందో, ఏది దేనికి పనికొస్తుందో, బావమరిదిని ఎందుకు పిలవకూడదో, ఏదీ వదల్లేదు.

"ఎంత బాగా చెప్పారండీ! మా వెబ్‌సైటుకి ఏది వాడాలో తేలక ఎప్పట్నుంచో తలలు పట్టుకుంటున్నాం. రేపే వచ్చి ఆ పనిలో చేరిపోండి."

"మరి... బొమ్మలు?"

"వాటికి మనిషి దొరికాడండీ. పొద్దున్నే ఫోన్లో నాలుగు పంపించేశాడు. మీవి కూడా చూద్దామనే లింకు అడిగాను."

బొమ్మలాయన మర్నాడే చేరాడు. ఆ కొత్త మనిషి బొమ్మలు సైటులో ఎంతో ముచ్చటగా కనబడుతున్నాయని ఇప్పుడు అందరూ బొమ్మలాయన్ను మెచ్చుకుంటున్నారు.