‘మన’కొక మార్కు

“ఇకపై రోడ్డు వేసే ముందు నేలను కాదు, ప్రజల మమకారాన్ని కొలుస్తాం” అని మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే, ఎందుకంటే కొలిచే పని నాకే ఇచ్చారు. నేను కాలేజీలో భూగోళశాస్త్రం చెబుతాను. గోళం సంగతి తెలిసినవాడికి వీధి ఒక లెక్కా అని మంత్రిగారి నమ్మకం.

కొత్త రోడ్డు పై వీధి గుండా అయినా పోవాలి, కింది వీధి గుండా అయినా పోవాలి. పై వీధిలో మంత్రిగారి బావమరిది ఫర్నిచర్ షోరూం ఉంది. కింది వీధిలో మా ఇల్లుంది. ముందు గదిలో మా ఆవిడ బట్టలు కుడుతుంది. తమ వీధి మీద ఎవరికి మమకారం తక్కువో వాళ్ళ ఇళ్ళు కొట్టేస్తారు. ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటుంది?

“క్వాలిటేటివ్, క్వాంటిటేటివ్ రెండూ వాడదాం సార్” అన్నాను.

“అంటే?”

“మొదటిది మాటలు, రెండోది అంకెలు.”

“రెండెందుకు మాస్టారూ, మాటల్నే అంకెలు చేసెయ్యండి.”

అప్పుడే నాకు తట్టింది. మమకారమంతా ‘మన’ అనే మాటలో ఉంది. సొంతమనుకున్నవాడు ‘మన వీధి’ అంటాడు. ‘మన వీధి’ అంటే ఒక మార్కు, ఇంకేమన్నా సున్నా. మంత్రిగారు నా వీపు తట్టారు. ఆ చొక్కాని రెండు రోజులు ఉతకనివ్వలేదు.

పై వీధికి, అక్కడే పుట్టి పెరిగిన పార్టీ కార్యకర్తను పంపాం. కింది వీధికి నేనే టై కట్టుకుని, రికార్డర్ పట్టుకుని బయల్దేరాను.

ముందు ఇస్త్రీ బండి ఆయన. “మా వీధిలాంటి వీధి ఇంకోటి లేదండీ. నేను మంచాన పడితే వంతులేసుకుని అన్నం పెట్టారు” అని కళ్ళు తుడుచుకున్నాడు.

“మన వీధి అంటారా?” అని అందించాను.

“అదేనండీ, మా వీధి.”

సున్నా వేశాను.

ఎదురింటి బామ్మగారు కళ్ళజోడు సవరించుకుని నన్ను చూశారు. “ఎవరింట్లో అద్దెకుంటున్నారు బాబూ?”

“ఎదురిల్లేనండీ, సొంతిల్లు. పెళ్ళయినప్పట్నుంచీ ఇక్కడే.”

“ఓ, టైలరమ్మ వాళ్ళాయనా! ఆ పిల్ల మన పిల్లే. మా వీధి వదిలి ఎక్కడికీ పోనివ్వం దాన్ని.”

‘మన పిల్ల’ రూల్సులో లేదు. సున్నా.

ఫలితాలు వచ్చాయి. కార్యకర్తతో అందరూ “మన వీధిరా, మన వీధికేంరా” అన్నారట. పై వీధికి నూటికి తొంభై ఏడు. కింది వీధికి గుండుసున్నా.

“మీరు వేసిన సున్నాలేగా, మీరే తీసెయ్యండి” అంది మా ఆవిడ. “ఇల్లూ పోయి, పనీ పోయి నేనెక్కడ కూర్చుని కుట్టాలి?” నాకు నిజంగానే బాధేసింది. మంత్రిగారి దగ్గరకు పరుగెత్తాను.

“సార్, సర్వేలో తప్పు జరిగింది.”

“పద్ధతి ఎవరిది?”

“నాదే.”

“అడిగిందెవరు?”

“నేనే.”

“మరి తప్పెక్కడ మాస్టారూ?”

“నాతో కాబట్టి ‘మా’ అన్నారు సార్. వాళ్ళలో వాళ్ళు ‘మన’ అనే అనుకుంటారు.”

మంత్రిగారిది పెద్ద మనసు. “అయితే ఒక ముక్క రాసివ్వండి. ‘మా వీధివాళ్ళు నన్ను పరాయివాడిగా చూస్తారు, కాబట్టి నా సర్వే చెల్లదు’ అని. పేపర్లో వేయించి రద్దు చేస్తాను. లేదా పద్ధతి సరైనదేనని సంతకం పెట్టండి. మమకార సలహాదారు పోస్టు ఖాళీగానే ఉంది.”

పండితుడన్నాక పద్ధతికి కట్టుబడాలి. సంతకం పెట్టాను.

టీవీవాళ్ళ పుణ్యమా అని ఆ సంతకం నాకంటే ముందే ఇల్లు చేరింది. నేను వెళ్ళేసరికి వీధంతా మా వాకిట్లోనే ఉంది. ఇస్త్రీ ఆయన కుట్టుమిషన్ని తన బండి మీదకి ఎక్కిస్తున్నాడు. బామ్మగారు సూదుల డబ్బా పట్టుకుని నిలబడ్డారు. నన్ను చూసి అందరూ చాలా మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చారు.

“మా అక్క వాళ్ళింట్లో ఒక గది ఇచ్చింది. మేం వెళ్తున్నాం” అంది మా ఆవిడ.

“‘మనం వెళ్తున్నాం’ అనాలి” అని సవరించాను. భాష విషయంలో నేను రాజీపడను.

“కాదండీ” అంది. “నేనూ, మిషనూ.”