‘ఎవరు వారే’ పథకం

తుఫాను ఆశ్రయాల శాఖామాత్యులు శ్రీ గోలక్ బిహారీ పట్టజోషి గారు భువనేశ్వర్‌లో పత్రికల వాళ్ళను పిలిచి, దహీబరా ఆలూదమ్ పెట్టించి, అందరూ చేతులు కడుక్కున్నాక ఒక చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు.

"ఇవాళ్టి నుంచి మా శాఖలో ఎవరు వారే!"

విలేకరులు రాసుకున్నారు. మరి నిన్నటిదాకా ఎవరు ఎవరుగా ఉండేవారని ఒక్కరూ అడగలేదు. ఆలూదమ్ అంత బాగా కుదిరింది.

ఈ ప్రకటన వెనక కొంత కథ ఉంది. శాఖ ఫైళ్ళన్నీ ఒకే సర్వర్లో, అందరికీ ఉమ్మడిగా ఉండేవి. ఏ బల్ల ముందు కూర్చున్నవాళ్ళైనా తెరవవచ్చు, దిద్దవచ్చు, మనసు పుడితే చెరపవచ్చు. సముద్రం ఒడ్డున కైతపడా అనే ఊరికి ఒక ఆశ్రయ భవనం మంజూరైంది. ఓ పొద్దున చూసేసరికి ఫైల్లో ఊరి పేరు సునాపుర్‌గా మారిపోయి ఉంది. సునాపుర్‌లో సముద్రం గురించి వినడమే తప్ప చూసినవాళ్ళు తక్కువ. అయినా భవనం అక్కడే లేచింది. మంత్రిగారి బావమరిది దాన్ని పెళ్ళిళ్ళకు అద్దెకిస్తూ, తుఫాన్లు లేని రోజుల్లో కూడా జనానికి ఆశ్రయం కల్పిస్తున్నాడు.

శాసనసభలో గోల జరిగింది. "ఊరి పేరు మార్చిందెవరు?" అని ప్రతిపక్షం బల్లలు చరిచింది.

"ఎవరైనా కావచ్చు," అన్నారు మంత్రిగారు గద్గద స్వరంతో. "ఎవరో తెలియకపోవడమే కదా నా గుండెకోత!"

ఆ గుండెకోతలోంచే ‘ఎవరు వారే’ పథకం పుట్టింది. దాన్ని అమలు చేసే భారం సిస్టమ్స్ ఆఫీసర్ ఇతిశ్రీ బిశ్వాల్ మీద పడింది.

ఇతిశ్రీకి అది భారమనిపించలేదు. ఫైళ్ళకు తాళం వేయమని ఆమె ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. పైగా మొన్నటి తుఫానులో సహాయ పనుల మీద కైతపడా వెళ్ళి వచ్చింది. బడి కప్పు మీద వానలో ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ పొదువుకుని కూర్చున్న జనాన్ని కళ్ళారా చూసింది. ఆ దృశ్యం ఆమెను వదల్లేదు. అందుకే ఎంతో ఉత్సాహంగా మంత్రిగారికి విషయం విడమరిచి చెప్పింది.

"అయ్యా, ఫైళ్ళు ఒక సర్వర్లో ఉంటాయి. తలుపు దగ్గర ఇంకో సర్వర్ కాపలా ఉంటుంది. మన కంప్యూటర్లో పేరూ పాస్‌వర్డూ కొడితే, మనం మనమేనని నమ్మాక అది టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ చూస్తేనే ఫైళ్ళ తలుపు తెరుచుకుంటుంది. సాయంత్రమైతే టోకెన్ చెల్లదు."

"పెళ్ళిభోజనాల టోకెన్ లాగన్నమాట," అన్నారు మంత్రిగారు. ఎంతటి జటిలమైన విషయాన్నైనా ప్రజల భాషలోకి దించగల దిట్ట ఆయన.

పక్కనున్న డిప్యూటీ సెక్రటరీ దిగంబర్ రౌత్రాయ్ మాత్రం కళ్ళజోడు తీసేశాడు. "మంత్రిగారిని కూడా నువ్వెవరని అడుగుతుందా ఆ మిషను?"

"అడుగుతుంది సార్. అందరినీ అడుగుతుంది. పాస్‌వర్డ్ కూడా ఆయన ఒక్కరికే తెలియాలి."

"ఒక్కరికే తెలిసింది ప్రభుత్వ నిర్ణయం ఎలా అవుతుందమ్మా? ఫైలు పెట్టు."

మంత్రిగారి పాస్‌వర్డ్ ఆమోదం కోసం ఫైలు కదిలింది. న్యాయశాఖ అభ్యంతరం లేదంది. ఆర్థికశాఖ, పొదుపు చర్యల దృష్ట్యా అంకెలు కొన్ని తగ్గించగలరని రాసింది. సంస్కృతి శాఖ, ఇందులో ఒడియా ఆత్మగౌరవం కనబడడం లేదని బాధపడింది. ఆత్మగౌరవం చేర్చి, అంకెలు తగ్గించి, చివరకు పాస్‌వర్డ్‌ను ఖరారు చేశారు. ‘అత్యంత రహస్యం’ అని అచ్చు వేసి ప్రతులను అన్ని శాఖలకూ పంపారు.

ఇతిశ్రీ తల పట్టుకుంది. మంత్రిగారి గదికి పరుగెత్తి, అది మార్చి ఎవరికీ చెప్పని మాట ఒకటి పెట్టుకోమని బతిమాలింది. మంత్రిగారు పెద్ద మనసుతో ఒప్పుకుని, స్వయంగా టైపు చేశారు, చూపుడు వేలితో, ఒక్కో అక్షరమే పైకి చదువుకుంటూ. గదిలో ఉన్న గుత్తేదారులు మర్యాదస్తులు గనుక చెవులు మూసుకున్నట్టే కనిపించారు.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. గుమాస్తాలందరికీ టోకెన్లు వస్తున్నాయి, మంత్రిగారికి మాత్రం రావడం లేదు. పాస్‌వర్డ్ సరైనదే, పేరూ సరైనదే. ఇతిశ్రీ చాలాసేపు కిందా మీదా పడి, చివరకు ఆ కంప్యూటర్లో గడియారం చూసింది. అది గంట వెనక ఉంది.

"సార్, కాపలా సర్వర్ టైమూ, మన కంప్యూటర్ టైమూ కలవాలి. లేకపోతే పాత టోకెన్ ఎవరో దొంగిలించి తెచ్చారని అనుమానపడుతుంది. ఈ గడియారం ఎందుకిలా ఉంది?"

రౌత్రాయ్ గొంతు తగ్గించాడు. "మంత్రిగారు ఏనాడూ ఆలస్యంగా రారు. అది నియమం. ఆయన ఎప్పుడొస్తే అప్పుడు పదయ్యేట్టు పెట్టాం."

"సరిచేసేద్దాం సార్. ఒక్క నిమిషం పని."

"మంత్రిగారి టైము తప్పని నువ్వే రాతపూర్వకంగా ఇస్తావా?"

ఇతిశ్రీ ఇవ్వలేదు. మర్నాడే సర్క్యులర్ వచ్చింది. జాతీయ స్థాయిలో ఆదర్శంగా నిలిచే విధంగా, శాఖలోని సర్వర్లు, డెస్క్‌టాప్‌లు, గోడ గడియారాలు అన్నీ మంత్రిగారి సమయానికి అనుగుణంగా సవరించబడ్డాయి. ఉద్యోగులు ఈ సంస్కరణను మనస్ఫూర్తిగా స్వాగతించారు. పొద్దున్నే పఖాళ చద్దన్నం తీరిగ్గా తిని రావడానికి వీలు కలిగింది. సాయంత్రం మాత్రం ఇళ్ళకు పోవడానికి సొంత చేతి గడియారాలే చూసుకునేవారు.

మంత్రిగారికి టోకెన్ వచ్చింది. గదిలో చప్పట్లు మోగాయి.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీద కంప్యూటర్, దానికి బంతిపూల దండ, వెనక పెద్ద తెర. కైతపడా నుంచి సుకురి మౌసీని బస్సులో రప్పించి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆమె ఆ ఊరి మహిళా సంఘానికి పెద్ద. చప్పట్లు కొట్టాలని ముందే చెప్పి ఉంచారు గాని, ఆమె ఆకూ వక్కా దవడకు పెట్టుకుని చేతులు ఒళ్ళో ఉంచుకుంది.

మంత్రిగారు పేరు కొట్టారు. పాస్‌వర్డ్ కొట్టారు. తలుపు తెరుచుకుంది. తెర మీద ఆ ఫైలే ప్రత్యక్షమైంది. జనం చూస్తుండగానే మంత్రిగారు ‘సునాపుర్’ అన్న మాట చెరిపి, ‘కైతపడా’ అని కొట్టారు.

"అన్యాయాన్ని నా చేతులతో నేనే సరిదిద్దాను," అన్నారు మైకులో. "ఇక ఈ ఫైలును నేను తప్ప మానవమాత్రుడెవడూ ముట్టుకోలేడు. ఈ అమ్మాయితో సహా! ఏ ఫైలునైనా దిద్దగల పైతాళం కూడా ఇవాళే నా దగ్గరికి తెప్పించుకున్నాను."

ఇతిశ్రీ కళ్ళు చెమర్చాయి. పైతాళం పోయినందుకు కాదు. ఫైలు మార్చిన మనిషి పేరు, వేళతో సహా, మొదటిసారి నమోదైంది. ఆమె దాన్నే చూస్తోంది. కింద ఇంకేముందో చూడలేదు. ప్రతిపక్ష నాయకుడు సైతం లేచి అభినందించాడు. మౌసీ ఒక్కతే అడిగింది, "ఇటుకలెప్పుడు తోలుతారు బాబూ?"

"ముందు ఫైలు, తర్వాత ఇటుకలు మౌసీ," అన్నారు మంత్రిగారు నవ్వుతూ. మర్నాడు పత్రికల్లో అదే పతాక శీర్షిక.

వానాకాలం దగ్గర పడింది. ఇటుకలు రాలేదు. మౌసీ మళ్ళీ బస్సెక్కి, వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ ఇతిశ్రీ బల్ల దగ్గరికి వచ్చింది.

"తల్లీ, మా ఊరి ఇల్లు ఈ డబ్బాలోనే ఉందట కదా. ఎందాకా వచ్చిందో చూసి చెప్పు."

ఇతిశ్రీ తన టోకెన్‌తో ఫైలు తెరిచింది. చూడ్డానికి ఆమెకు ఇప్పటికీ హక్కుంది. ఊరు: కైతపడా. ఆమె కిందికి చదువుతూ పోయింది. నిర్మాణం పూర్తి. ప్రారంభోత్సవం పూర్తి. పై అంతస్తు, నీళ్ళ ట్యాంకు, జనరేటరు, వంటశాల, అన్నీ పూర్తి. సునాపుర్ అనే ఊరు శాఖ రికార్డుల్లో మరెక్కడా లేదు. అక్కడ ప్రభుత్వ భవనమన్నదే లేదు.

ఆమె లేచి రౌత్రాయ్ గదిలోకి దూసుకుపోయింది.

"సార్! ఊరి పేరొక్కటే మారింది. మిగతాదంతా సునాపుర్ భవనానిదే. కైతపడాలో ఇసుక తప్ప ఏం లేదు!"

"రికార్డులో ఉందిగా."

"రికార్డు తప్పు సార్!"

"అదెలా తప్పవుతుంది? ఎవరూ మార్చలేని రికార్డని నువ్వే రాసిచ్చావు. పూర్తయిన భవనానికి మళ్ళీ మంజూరు ఇస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?"

"అయితే ఆ సునాపుర్ భవనం ఎవరిది?"

"మన ఫైల్లో లేనిదాని గురించి మనకెందుకమ్మా?" అన్నాడు రౌత్రాయ్ చాలా సౌమ్యంగా.

ఆమె మంత్రిగారి దాకా వెళ్ళింది. ఆయన ఛెనాపోడా మిఠాయి తింటూ ఆమెను కూర్చోమన్నారు, ఒక ముక్క పెట్టారు కూడా. అంతా ఓపిగ్గా విన్నారు.

"మళ్ళీ మార్చమంటావా అమ్మాయ్? ఒకసారి ఫైలు మారితే అసెంబ్లీ దద్దరిల్లింది. ఇప్పుడు నా పేరుతో మారిస్తే, మార్చింది నేనేనని తెలిసిపోదూ? నీ సిస్టమ్ అంత గట్టిది. నిన్ను చూసి నాకు గర్వంగా ఉంది."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఇతిశ్రీ చేతిలోని ముక్కను ఏం చేయాలో తోచక అలాగే పట్టుకుని బయటికి వచ్చింది.

బల్ల దగ్గర కూర్చుని, తెలిసి తెలిసీ, ‘పూర్తి’ అన్న మాట చెరపబోయింది. మీకు ఈ అధికారం లేదంది మిషను. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే అంది. తాను చేతులారా వేసిన తాళం ఎంత గట్టిదో ఆమెకు తెలుసు. మూడోసారి నొక్కలేదు.

మౌసీ ఆమె ముఖంలోకి చూసింది. "ఏమైంది తల్లీ?"

"మీ ఊరి భవనం..." ఇతిశ్రీ తెరను మౌసీ వైపు తిప్పింది. "ఇందులో కట్టేశారు మౌసీ. రెండంతస్తులు. నీళ్ళు, కరెంటు, వంటిల్లు, అన్నీ ఉన్నాయి. ఎవరూ చెరపలేరు."

మౌసీ ముందుకు వంగి తెర కేసి చాలాసేపు చూసింది. చీర కొంగు సర్దుకుని, సంచీ భుజాన వేసుకుంది.

"అయితే లోపలికి పోవడానికి ఏదో మాట చెప్పాలంట కదా తల్లీ, ఆ మాటేదో చెప్పు. ఊళ్ళో అందరికీ నేర్పించాలి. గాలి మొదలైతే టైముండదు."