కంప్యూటరు కళ్ళు తెరిచేలోగా

ఆ రోజు పొద్దున్నే పరధ్యానం అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి తలదాకా ఎత్తి ఊపాడు. రైలెక్కినవాళ్ళని సాగనంపుతున్నట్టు అనిపించింది. కాస్త కిందికి దించి ఊపాడు. ఈగను తోలుతున్నట్టుంది. సరే, అసలు ఊపకుండా ఎత్తి ఉంచితే ఎలా ఉంటుందోనని చూస్తుండగా తువ్వాలు కోసం వాళ్ళక్క గదిలోకి వచ్చింది.

"ఎవర్నిరా ఆగమంటున్నావ్?"

"ఎవర్నీ లేదక్కా. భుజం పట్టేసింది."

"పట్టెయ్యదూ మరి! నలభై దాటాయి. పెళ్ళి చేసుకోరా అంటే చెవినేసుకోవు."

"పెళ్ళికీ భుజానికీ ఏం సంబంధమక్కా?"

"పెళ్ళాం ఉంటే ఇంత మందు రాసి పెట్టేది," అని తువ్వాలు దులుపుకుంటూ వెళ్ళిపోయింది.

పరధ్యానం అనేది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పటాల ఆఫీసువాళ్ళు పెట్టారు. ఆ పిలుపు తనకేనని ఆయన గమనించడానికి చాలాకాలం పట్టింది, అప్పటికి పేరు ముదిరిపోయింది. ఊళ్ళకీ వీధులకీ పటాలు గీయడం ఆయన పని. కాగితం మీద సందు తప్పింది లేదు గాని, ఇంటినుంచి ఆఫీసుకు నడిచి వచ్చేటప్పుడు మాత్రం తరచూ రెండు వీధులు దాటిపోయి, ఇదేమిటీ అనుకుని వెనక్కి వస్తుంటాడు. మనిషి బంగారం. కాకపోతే ఇక్కడ ఉన్నప్పుడు ఇంకెక్కడో ఉంటాడు.

ఆ ఇంకెక్కడో ఉండటానికి ఆయనకు ఆఫీసులో ఒక వేళ ఉంది. ఆయన కంప్యూటరు ముసలిది. పొద్దున మీట నొక్కితే మూలుగుతుంది, గురక పెడుతుంది, నల్లబడుతుంది, నీలమవుతుంది, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు నల్లబడుతుంది. అది పూర్తిగా కళ్ళు తెరిచేలోగా ఒక మనిషి కిటికీ దగ్గరికి వెళ్ళి, మబ్బుల్ని చూసి, ఆ మబ్బుల మీద నాలుగు ఇళ్ళు కట్టుకుని, వాటికి వీధులు గీసుకుని, తీరిగ్గా తిరిగి రావచ్చు. ఆఫీసులో దీన్ని మేలుకొలుపు అనేవారు. "సార్ మేలుకొలుపులో ఉన్నారు, కాసేపాగి రండి," అంటే వచ్చినవాళ్ళు కూడా మారుమాట లేకుండా కూర్చునేవారు.

వీధికి అవతల, సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా అచ్చాఫీసు. అక్కడ పుస్తకాలకు అట్టలు తయారుచేసే ఆవిడ ఒకరు సరిగ్గా అదే వేళకు కాఫీ కప్పు పట్టుకుని తన కిటికీలోకి వచ్చి నిలబడేది. జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకునేది. ఎండ ఆ కప్పు ఆవిరి మీద పడి, ఆ ఆవిరి ఆవిడ ముఖం మీదుగా పోతుంటే పరధ్యానానికి తను ఊపిరి పీల్చడం మానేశానన్న సంగతి ఆలస్యంగా తెలిసేది. రెండేళ్ళుగా ఇంతే. మాటా లేదు, నవ్వూ లేదు. నిన్న ఆవిడ కప్పును ఇంత, ఇంతే, ఇటువైపు ఎత్తింది. బదులుగా మన మహానుభావుడు కంగారులో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రాత్రంతా దానికి తనను తాను తిట్టుకున్నాడు. అందుకే ఈ రోజు చెయ్యెత్తాలి. ఏమైనా సరే ఎత్తి తీరాలి.

ఆఫీసుకొచ్చి మీట నొక్కి, చేతిని సిద్ధం చేసుకుంటూ కిటికీవైపు రెండడుగులు వేశాడో లేదో, వెనక "టింగ్" మంది.

వెనుదిరిగాడు. కంప్యూటరు కళ్ళు తెరిచేసింది. తెరవడమే కాదు, ఏం గీస్తావు చెప్పు అన్నట్టు నిగనిగలాడుతోంది. దాని పక్కనే కొత్త మేనేజరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"చూశారా పరధ్యానంగారూ! నిన్న సాయంత్రం రిపేరాయన్ని పిలిపించి మీ మిషనుతో మొదలుపెట్టించాను. ఎలా లేచిందో!"

"లేచిందండీ," అన్నాడు ఇంట్లో పిడుగు పడ్డవాడిలా.

"ఇక కూర్చోండి మరి. ఎల్లుండి డైరెక్టరుగారు వస్తున్నారు. మన ఆఫీసు ఎంత చురుగ్గా మేలుకుంటుందో ఆయన కళ్ళారా చూడాలి. ఆ రోజు ఎవరి మిషను ఆఖర్న లేస్తే వాళ్ళ బల్ల వెనక గదికి పోతుంది. ముందే చెప్తున్నా."

వెనక గది అంటే పాత పటాలు చుట్టలు చుట్టి పడేసే గది. దానికి కిటికీ లేదు. పరధ్యానం కూర్చున్నాడు. కూర్చుని ఓరగా చూశాడు. ఎదురు కిటికీలోకి ఆవిడ వచ్చింది, ఇటు చూసింది, ఖాళీ కిటికీ చూసి కాఫీ తొందరగా తాగేసి లోపలికి వెళ్ళిపోయింది. మిషను నెమ్మదిగా లేస్తే కిటికీ పోతుంది. తొందరగా లేస్తే కిటికీలో నిలబడే వేళ పోతుంది. ఏం చెయ్యాలిరా దేవుడా అనుకున్నాడు.

మధ్యాహ్నం రిపేరాయన, ఆఫీసు జమాఖర్చులు రాసే లెక్కలాయన కంప్యూటరు విప్పుకుని కూర్చుంటే పరధ్యానం పక్కన చేరాడు. రిపేరాయన నడివయసు మనిషి. ఈయన తెలివికి ఊరంతా దణ్ణం పెడుతుంది గాని, నోరు తెరిస్తే మాత్రం ఒక్కరూ నిలబడరు.

"అసలు ఇవి ఎలా లేస్తాయంటారు?" అని పరధ్యానం అడగ్గానే ఆయన చేతిలో స్క్రూడ్రైవరు జారిపోయింది. జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు మరి.

"విండోసైనా, మ్యాకైనా, లినక్సైనా మనిషిలాంటివే సార్. ముందు కాళ్ళూ చేతులూ ఉన్నాయో లేదో తడుముకుంటుంది. తర్వాత తనెవరో గుర్తు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత మనం ఎప్పుడో పెట్టి మర్చిపోయిన పనులన్నీ నెత్తిన పడతాయి. ఆలస్యమంతా అక్కడే. మీదాంట్లో పాత డిస్కు మార్చేసి, అక్కర్లేని ప్రోగ్రాములన్నీ పొద్దున్నే లేవకుండా ఆపేశాను."

"మళ్ళీ లేవమంటే లేస్తాయా?"

"భలేవారే! స్టార్టప్ అని ఉంటుంది, అందులో ఏం పెడితే అది మీట నొక్కగానే లేస్తుంది. మ్యాక్‌లో లాగిన్ ఐటమ్స్ అంటారు. ఈ వీధివాళ్ళకి ఈమధ్య తెలుసుకోవాలనే తపన తెగ పెరిగిపోయింది సార్! నిన్ననే ఇంకొకరు మ్యాక్ సంగతి ఇలాగే గుచ్చి గుచ్చి అడిగారు."

పరధ్యానం ఆ మాట వినలేదు. అలవాటు ప్రకారం అప్పటికే ఇంకెక్కడికో వెళ్ళిపోయాడు. "మన చేతిలో ఉండే ఆలస్యం ఏదైనా ఉందా? అంటే, మనం ఊఁ అనేదాకా కదలకుండా ఉండేది?"

"ఎందుకు లేదు! రెండు సిస్టమ్‌లు వేసుకోండి. విండోసూ, లినక్సూ. పొద్దున్నే 'ఏది కావాలి?' అని అడుగుతూ నిలబడుతుంది. మామూలుగా కాసేపు చూసి ఏదో ఒకటి తనే ఎంచుకుంటుంది. కానీ మనం చెప్పేదాకా ఆగమంటే ఆగుతుంది."

"ఎంతసేపైనా?"

"సాయంత్రందాకా అయినా."

పరధ్యానం ముఖం దీపం పెట్టినట్టయింది. ఆహా! మీట నొక్కడం, కిటికీలో నిలబడటం, చెయ్యెత్తడం, తిరిగొచ్చి చిటికెలో ఎంటర్ కొట్టడం. మర్నాడు రిపేరాయన చేత లినక్సు వేయించుకున్నాడు. ఆయన వెళ్ళాక, దీంతో కూడా చాలకపోతే ఎలా అని, స్టార్టప్‌లో వేణువు పాట ఒకటి పెట్టాడు. క్యాలెండరు పెట్టాడు. తను గీసినవాటిలోకెల్లా పెద్ద పటం, చెట్టుచెట్టునూ విడిగా గీసిన ఊరి పటం, అది తెరుచుకోవడానికి మంచి రోజు చూడాలి, అదీ పెట్టాడు. లెక్కలాయన మిషను నిండా మనవరాలి ఫొటోలే కాబట్టి ఆఖరి స్థానం ఎలాగూ ఆయనదే అని గుండె మీద చెయ్యేసుకుని ఇంటికి వెళ్ళాడు.

అద్దాల గదిలోంచి మేనేజరమ్మ ఇదంతా చూసింది. తను చేరినప్పటినుంచి చూస్తోంది, కిటికీ తప్ప తెర చూడని మనిషి ఆ రోజు తలెత్తలేదు. ఆవిడ గుండె ఉప్పొంగిపోయింది. వెంటనే రిపేరాయనకి ఫోను కొట్టింది.

"పరధ్యానంగారు తన మిషనుకి ఏదో గొప్ప ఏర్పాటు చేసుకున్నారండీ. అదే ఉన్నదున్నట్టు ఆఫీసులో అన్నిటికీ ఎక్కించెయ్యండి."

"మనం నేర్పిన విద్యేగా మేడమ్!" అని రిపేరాయన ఆ సాయంత్రమే అన్నిటికీ ఎక్కించాడు. తను నేర్పిన మనిషి కదా అని లోపల ఏముందో చూడలేదు.

మర్నాడు డైరెక్టరుగారు చేతిగడియారం విప్పి పట్టుకుని మరీ వచ్చారు. "ఊఁ, కానివ్వండి," అన్నారు. అందరూ ఒక్కసారి మీటలు నొక్కారు. అన్ని తెరలూ నల్లగా వెలిగి, ఏది కావాలి అని అడిగి ఊరుకున్నాయి.

పరధ్యానానికి ఎటు చూస్తే అటు తన ఏర్పాటే కనిపిస్తోంది.

"ఏదో అడుగుతోందమ్మా," అన్నాడు లెక్కలాయన. "ఏది నొక్కితే ఏం పోతుందో!"

"పైది నొక్కండి," అంది మేనేజరమ్మ ధైర్యంగా.

ఆయన నొక్కాడు. ఎన్నడూ చూడని లినక్సు ఊదారంగు తెర ఒకటి వచ్చి, మీరెవరు అని అడిగింది. "అయ్యయ్యో, నా లెక్కలు! నా మనవరాలు!" అని లెక్కలాయన కుర్చీలో కూలబడ్డాడు. అది చూసి తక్కినవాళ్ళంతా హడలిపోయి కిందున్న విండోసు నొక్కారు.

అప్పుడు మొదలైంది వేణువు. ముందు ఒక మూలనుంచి, తర్వాత ఇంకో మూలనుంచి, ఒకదాని వెనక ఒకటిగా, చివరికి గది నిండా ఎవరో వానలో తడుస్తూ వాయిస్తున్నట్టు. తెరల మీద ఊరి పటం మెల్లమెల్లగా తెరుచుకుంటోంది. ఒక చెట్టు, కాసేపటికి ఇంకో చెట్టు. ఆ వెలుగుకి గోడలన్నీ లేతపచ్చగా అయ్యాయి. మేనేజరమ్మ ఫోనులో రిపేరాయన మీద విరుచుకుపడుతోంది గాని ఆ మాటలు వేణువులో కలిసిపోయాయి.

డైరెక్టరుగారు గడియారం చూశారు, చెట్లను చూశారు, మళ్ళీ గడియారం చూసి జేబులో వేసుకున్నారు. చేసేదేమీ లేక కిటికీ దగ్గరికి నడిచారు. పెద్దాయన వెళ్ళాడు కదా అని అందరూ వెనకే వెళ్ళారు. పరధ్యానం ఎవరూ తొయ్యకుండానే ముందు వరసలోకి వచ్చాడు.

"ఆ మబ్బు అచ్చం మా ఆవిడలా ఉంది," అన్నారు డైరెక్టరుగారు.

"ఎంత బాగుందండీ!" అన్నాడు లెక్కలాయన తేరుకుని.

"కోపంగా ఉన్నప్పుడు," అన్నారు డైరెక్టరుగారు.

అదిగో, సరిగ్గా అప్పుడే ఎదురు కిటికీలోకి ఆవిడ వచ్చింది. పెన్సిలు, కప్పు, ఆవిరి, అన్నీ ఉన్నాయి. పరధ్యానానికి డైరెక్టరూ గుర్తులేడు, వెనక గదీ గుర్తులేదు. చెయ్యి దానంతటదే లేచింది. రైలెక్కేవాళ్ళకీ కాదు, ఈగకీ కాదు, అద్దంలో ఎంత వెతికినా దొరకనంత చక్కగా లేచింది.

ఎవరో తెలిసినవాళ్ళు కాబోలనుకుని డైరెక్టరుగారు కూడా చెయ్యెత్తారు. డైరెక్టరుగారు ఎత్తాక ఆఫీసు ఊరుకుంటుందా? లెక్కలాయనతో సహా అందరూ ఎత్తారు. వేణువు ఇంకా మోగుతూనే ఉంది. ఆవిడ కిటికీనిండా ఉన్న అన్ని చేతుల్నీ చూసి, రెండడుగులు వెనక్కి వేసి, చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది.

పరధ్యానం చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. రెండేళ్ళ తపస్సు ఒక్క నిమిషంలో మంటగలిసిందే అని ఏడుపొచ్చింది. ఇంతలో రిపేరాయన రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎక్కడ చచ్చారండీ ఇంతసేపూ?" అంది మేనేజరమ్మ.

"ఎదురుగా అచ్చాఫీసులోనే ఉన్నాను మేడమ్. అక్కడా ఇదే గోల! మొన్న మ్యాక్ తొందరగా లేచేట్టు చేసిచ్చానా, అట్టలు చేసే ఆవిడ ఉన్న ప్రోగ్రాములన్నీ లాగిన్ ఐటమ్స్‌లో కుక్కేసింది. ఎందుకమ్మా ఇలా చేశావంటే, పొద్దున్నే కిటికీలో నిలబడటానికి వేళ చాలట్లేదంటుంది. ఏం మనుషులండీ!"

ఆ మాట మాత్రం పరధ్యానం చెవిన పడింది. పుట్టాక ఆయన అంత శ్రద్ధగా విన్న మాట ఇంకొకటి లేదు. ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగేశాడు. వీధిలోకి వచ్చేసరికి అటువైపు మెట్లు దిగి ఆవిడ వస్తోంది. కప్పు చేతిలోనే ఉంది. వీధి మధ్యలో ఇద్దరూ ఆగారు. దగ్గరనుంచి చూస్తే ఆవిడ ముక్కుమీద చిన్న సిరా మరక ఉంది. రెండేళ్ళలో అది ఆయనకు తెలియనే తెలియదు.

"మీది లేచిందాండీ?" అంది ఆవిడ.

"ఇంకా లేదండి. మీది?"

"ఇప్పట్లో లేవదు."

"తొందరేం లేదు," అన్నాడు పరధ్యానం. పైనుంచి వేణువు వినబడుతుంటే ఇద్దరూ వీధి చివరదాకా నడిచారు. ఆ వీధి పటం గీసిందే ఆయన. అయినా ఎక్కడ మలుపు తిరగాలో మర్చిపోయాడు.

డైరెక్టరుగారు వెళ్తూ వెళ్తూ, తన ఆఫీసులోని మిషను జోలికి మాత్రం రిపేరాయన్ని పంపొద్దని మేనేజరమ్మకి చెప్పి వెళ్ళారు. ఆఖర్న లేచింది ఆయన మిషనే కాబట్టి ఆవిడ అన్న మాట ప్రకారం పరధ్యానం బల్లను కిటికీ లేని వెనక గదిలో వేయించింది. ఆయనకిక కిటికీతో పనేముంది! రిపేరాయన దగ్గరుండి ఆయన కంప్యూటరులోంచి అడ్డమైనవన్నీ తీసేశాడు.

ఇప్పుడు ఆఫీసు మొత్తంలో అన్నిటికంటే ముందు లేచేది ఆ మిషనే; మీట నొక్కాల్సిన మనిషే ఇంకా రాలేదు.