లేవలేని ఆయన ఇల్లు

ఆ రోజు ఉదయం థెరపిస్టు వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. భోజనాల వేళలోపు ఇల్లు సిద్ధం చెయ్యాలి. ఆ తర్వాత ఆంబులెన్స్‌లో పేషెంటు వస్తాడు. ఆయన వెనకే థెరపిస్టుల పై అధికారి, పెద్ద మేడమ్ దిగుతుంది. ఇల్లంతా తిరిగి చూసి తల ఊపుతుంది. ఆ తల ఊపుతో థెరపిస్టు ఉద్యోగం ఖాయమవుతుంది. ఊపకపోతే పేషెంటు మళ్లీ వార్డుకి, ఆమె మళ్లీ ఇంకొకరి వెనక సంచి మోసే ట్రైనింగుకి.

"ఖాయమే" అని అద్దంలో తనకి తనే చెప్పుకుని, మాజీ సైనికుల ఆస్పత్రి వ్యాను ఎక్కింది.

వ్యాను నడిపేవాడూ, గోడలకి కన్నాలు వేసేవాడూ ఒకడే. ఆస్పత్రి వడ్రంగి. అతని డ్రిల్లింగు మిషనుకి స్విచ్చుంది. నోటికి లేదు.

"ఇంతకీ మేడమ్, మీరు డాక్టరా, నర్సా?"

"రెండూ కాదు. ఆక్యుపేషనల్ థెరపిస్టుని."

"అంటే ఏం చేస్తారు?"

"దెబ్బలు తగిలినవాళ్లూ ఆపరేషన్లయినవాళ్లూ వాళ్ల పనులు మళ్లీ వాళ్లే చేసుకునేలా చూస్తాను. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, స్నానం, వంట, కుర్చీలోంచి లేవడం."

"దానికి చదువు కూడా ఉందా?"

"డిగ్రీ ఉంది. దాని మీద ఇంకో డిగ్రీ. వార్డుల్లో ట్రైనింగు. లైసెన్సు పరీక్ష. ఆపైన మాజీ సైనికుల కోసం విడిగా కోర్సు."

"ఇన్ని చదివి, చివరికి బాత్రూం గోడకి కడ్డీ బిగిస్తారన్నమాట."

"కడ్డీ నువ్వు బిగిస్తావు. ఎక్కడ బిగించాలో నేను చెబుతాను."

"మా ఆవిడా అంతే మేడమ్. ఏ డిగ్రీ లేకుండానే చెప్పేస్తుంది."

రిటైరైన సైనికుల కాలనీలో ఇళ్లన్నీ అచ్చుపోసినట్టు ఒక్కలా ఉన్నాయి. అవే మెట్లు, అవే కిటికీలు, అవే ఆకుపచ్చ గేట్లు. ముందురోజే గేట్లకి రంగు వేయించారు. కాలనీవాసుల క్రమశిక్షణ పెయింటర్లకీ అంటుకుందో ఏమో, ఒక్క అంగుళం కూడా వదలకుండా నంబరు పలకల మీద కూడా శ్రద్ధగా రెండు పూతలు పూశారు.

థెరపిస్టు కంగారుపడలేదు. వీధి చివర జంట ఇళ్లలో ఒకటని ఆమెకి తెలుసు. ఒకదానికి తాళం వేసి ఉంది. రెండోదాని ముంగిట్లో ఒక పెద్దావిడ బట్టలు ఆరేస్తోంది. ఇంట్లో పేషెంటు భార్య ఉంటుందని పెద్ద మేడమ్ చెప్పనే చెప్పింది. ఇంకేం కావాలి?

పేరు అడిగేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆ కోర్సులో మొట్టమొదటి పాఠమే అది. పేషెంటు పేరు చెప్పవచ్చు, జబ్బు చెప్పకూడదు. జబ్బు చెప్పవచ్చు, పేరు చెప్పకూడదు. రెండూ కలిపి వీధిలో పలికితే లైసెన్సుకే ముప్పు. పైగా సైనికుడి గుట్టు పక్కింటికి తెలిస్తే అతను ఇక జన్మలో తలుపు తియ్యడు.

వ్యానులో కడ్డీలు జబ్బు సంగతి ఎలాగూ చెప్పేస్తున్నాయి, అందుకని ఆమె పేరు మింగేసి, గేటు మీదికి వంగి గొంతు తగ్గించింది. "పిన్నిగారూ, ఆస్పత్రి నుంచి వచ్చాం. కుర్చీలోంచి లేవడానికి ఇబ్బంది పడే సారు ఇల్లు ఇదేనాండీ?"

పెద్దావిడ చేతిలో తడి తువ్వాలు అలాగే ఆగిపోయింది. ఆవిడ థెరపిస్టును చూసింది. వ్యానులో మెరుస్తున్న స్టీలు కడ్డీలను చూసింది. తాళం వేసిన పక్కింటిని చూసింది. తువ్వాలును శుభ్రంగా దులిపి తీగ మీద వేసింది.

"ఇదే తల్లీ. రా" అంది.

"సార్ వచ్చేసరికి అంతా అయిపోవాలి పిన్నిగారూ."

"వచ్చేలోపే అయిపోవాలమ్మా. వచ్చాక అవ్వదు."

ఇంత సహకరించే కుటుంబాన్ని థెరపిస్టు తన ట్రైనింగులో ఎన్నడూ చూడలేదు. మామూలుగా గోడకి మేకు కొడదామంటేనే ఇంటివాళ్లు పంచాయితీ పెడతారు. ఈవిడ మాత్రం తానే తివాసీ చుట్టి అటక మీద పడేసింది. దారికి అడ్డమని హాల్లో ఉన్న ఇత్తడి ఫిరంగి బొమ్మను మూలకి ఈడ్చింది. "దీనికి తట్టుకుని పడి, బూటు లేసు కట్టుకుంటున్నానని చెప్పారు. ఆ రోజు చెప్పులేసుకున్నారు" అంది.

"అవును పిన్నిగారూ. సైనికులు నొప్పి ఒప్పుకోరు. 'బాగానే ఉన్నాను' అంటే నమ్మొద్దని మా రెండో పాఠం."

"ఆ పాఠం నాకు పెళ్లయిన కొత్తలోనే అయిందిలే."

వడ్రంగి బాత్రూంలో కడ్డీలు బిగించాడు. కమోడ్ మీద ఎత్తు సీటు పెట్టాడు. మంచం కోళ్ల కింద దిమ్మలు చేర్చాడు. ఇక మిగిలింది హాల్లో పడక కుర్చీ. కూర్చున్నవాణ్ణి పాతాళానికి దించే రకం అది. దాని కింద ఎంత ఎత్తు దిమ్మలు పెట్టాలో తేల్చడానికి పెద్దావిడ తన భర్త ప్యాంటు తెచ్చి ఇచ్చింది. థెరపిస్టు మోకాలి నుంచి మడమ దాకా కొలిచింది. వార్డులో పనిచేసే థెరపిస్టు పంపిన కొలతకీ దీనికీ రెండంగుళాల తేడా ఉంది.

వేరొకరైతే ఇక్కడ అనుమానపడేవారే. ఆమెకి తన మీద ఉన్న నమ్మకం అనుమానానికి చోటివ్వలేదు. "వార్డులో ఆయన్ని బూట్లతో కొలిచినట్టున్నారు. ఈ ప్యాంటు కొలతే ఖాయం" అని తేల్చేసింది. వడ్రంగి దిమ్మలు కోసి బిగించాడు. పడక కుర్చీ సింహాసనమై కూర్చుంది.

సరిగ్గా అప్పుడు గేటు చప్పుడైంది. మనిషి కంటే ముందు గొంతు లోపలికి వచ్చింది.

"ఏమేవ్! గుమ్మంలో ఆ వ్యానేమిటి?"

వచ్చినాయన ఈ ఇంటి యజమాని, రిటైరైన మేజరు. రోజూ వాకింగని చెప్పి వెళ్లి, క్లబ్బు ముందు బెంచీ మీద కూర్చుని వస్తాడు. వాన లేని రోజున కూడా గొడుగు తీసుకెళతాడు. దాన్ని ఎప్పుడూ విప్పడు, ఎప్పుడూ వదలడు.

అయితే ఇవేవీ థెరపిస్టుకి తెలియవు. తన పేషెంటును ఆమె ఇంతవరకు చూడలేదు. తుంటి ఎముక మార్చి వారమైనా కాని మనిషి గొడుగు పట్టుకుని ఇంటికి నడిచొచ్చాడన్నది ఒక్కటే ఆమెకి కనిపించింది.

"సార్! నడిచొచ్చేశారా? ఆంబులెన్స్ ఏది?"

"ఆంబులెన్సా? నాకెందుకు? నేనెప్పుడూ నడిచే వస్తాను. అసలు నువ్వెవరు?"

"వంగకండి! కాలు తిప్పకండి! ఇంకో అడుగు వెయ్యొద్దు! ముందు కూర్చోండి!"

ఎన్నాళ్లుగానో ఆర్డర్లు వినని ఒళ్లు, ఆర్డరు వినగానే కూర్చుంది. మేజరు ముందు ఆ పడక కుర్చీలో కూర్చున్నాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

"కాలు మీద కాలు వెయ్యకూడదు సార్!"

"నా కాలు, నా ఇష్టం! ఎవడు చెప్పాడు నీకు నా కాళ్ల సంగతి? ఆ పక్కింటి నేవీవాడేనా? గోడ మీంచి దుర్భిణీ పెట్టి చూస్తాడు వాడు! ఇప్పుడే వెళ్లి కడిగేస్తాను!"

మేజరు దిగ్గున లేచాడు. లేచి, అలాగే నిలబడిపోయాడు. గొడుగు కింద పడి ఉంది. భార్య భుజం ఆమడ దూరంలో ఉంది. తాను మాత్రం లేచి ఉన్నాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది. మెల్లిగా మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

థెరపిస్టు అప్పటికే పెద్ద మేడమ్‌కి ఫోన్ చేసింది. "మేడమ్, ఘోరం జరిగింది! పేషెంటు ఒక్కడే నడిచొచ్చేశాడు! కుర్చీలోంచి లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు, మళ్లీ లేస్తున్నాడు!"

"ఏ పేషెంటమ్మా? మన పేషెంటు నా ఎదురుగా స్ట్రెచర్ మీద ఉన్నాడు. ఆయన భార్య ఉండబట్టలేక పొద్దున్నే ఇంటికి తాళం వేసి ఆస్పత్రికి వచ్చేసింది. వీధి మలుపులో ఉన్నాం. ఇల్లు సిద్ధమేగా?"

థెరపిస్టు ఫోన్ దించి పెద్దావిడ వైపు తిరిగింది.

"పిన్నిగారూ, నేను గేటు దగ్గర అడిగాను కదండీ!"

"అడిగావు. కుర్చీలోంచి లేవలేని సారు ఇల్లు ఇదేనా అన్నావు. ఇదే. నేనేమైనా అబద్ధం చెప్పానా? డాక్టరు దగ్గరికి పదండి అని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఆస్పత్రివాళ్లే కడ్డీలు పట్టుకుని గుమ్మంలోకొస్తే పొమ్మంటానా?"

"ఏమేవ్!" అని అరిచాడు మేజరు. అరిచి, అలవాటుగా కూర్చున్నాడు.

బయట ఆంబులెన్స్ ఆగింది. తాళం తీసిన పక్కింట్లోకి పెద్ద మేడమ్ వెళ్లింది, వెంటనే బయటికి వచ్చింది. అక్కడ నేలబారు సోఫా ఉంది, నున్నటి బాత్రూం ఉంది, కడ్డీ మాత్రం ఒక్కటీ లేదు. డ్రిల్లింగు పొడి తెల్లగా రాలిన దారి వెంట నడుచుకుంటూ ఆవిడ మేజరు హాల్లో తేలింది. వెనకే చక్రాల కుర్చీలో నేవీ ఆయన, దాన్ని తోస్తూ ఆయన భార్య.

తప్పు దాచే ఉద్దేశం థెరపిస్టుకి లేదు. "మేడమ్, పని అంతా సరిగ్గా చేశాను. ఇల్లే తప్పు" అంది.

"నా పేషెంటును వెనక్కి పంపాల్సిందేనా?" అంది పెద్ద మేడమ్.

"మళ్లీ వార్డుకా?" నేవీ ఆయన ముఖం వాడిపోయింది. "ఆ మంచం మీద ఇంకో రాత్రి నావల్ల కాదమ్మా. పక్కవాడి గురకకి నా కొత్త తుంటి కూడా అదిరిపోతోంది."

"అవసరం లేదు మేడమ్. స్టోరులో ఇంకో సెట్టుంది. వడ్రంగి వెళ్లి తెస్తాడు. సాయంత్రంలోపు పక్కిల్లు పూర్తిచేస్తాను. అందాకా సార్ ఇక్కడుంటారు. ఈ వీధి మొత్తంలో సిద్ధంగా ఉన్న ఇల్లు ఇదొక్కటే."

"మరి ఇక్కడ బిగించినవి? పేషెంటు లేని ఇంట్లో ఆస్పత్రి సామాను ఉండటానికి వీల్లేదు. ఉంటే నీ ఉద్యోగం ఉండదు. ఈ ఇంట్లో పేషెంటు ఉన్నాడా, లేడా?"

అందరూ మేజరు వైపు చూశారు. మేజరు నేవీ ఆయన వైపు చూశాడు.

"ఈ ఇంట్లో పేషెంట్లెవరూ లేరు" అన్నాడు నిటారుగా.

పెద్దావిడ నెత్తి కొట్టుకుంది. థెరపిస్టుకి మాత్రం ఒక్కసారిగా మనసు కుదుటపడింది. ఇప్పటిదాకా జరిగింది పొరపాటు. ఇక జరగబోయేది తన వృత్తి.

"మంచిది సార్. దిమ్మలు తీసేస్తాం. ఒకసారి లేవండి."

మేజరు ఠీవిగా లేచాడు. వడ్రంగి నాలుగు కోళ్ల కింద దిమ్మలూ లాగేశాడు. పడక కుర్చీ పాత పాతాళానికి దిగిపోయింది.

"కూర్చోండి సార్."

కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"ఇప్పుడు లేవండి."

"ఇప్పుడే ఏం తొందర? ఇంటికొచ్చినవాళ్లతో కాసేపు కూర్చోకూడదా?"

"కూర్చోండి సార్. మేం ఆగుతాం."

ఆగడం ఆమెకి డిగ్రీలో నేర్పారు. సాయం చెయ్యకుండా చేతులు కట్టుకుని నిలబడటమే ఆ చదువులో కష్టమైన భాగం. వడ్రంగి ఒక్కడే చెయ్యి అందించబోయాడు. ఆమె కళ్లతోనే ఆపింది. మేజరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కుర్చీ కిర్రుమంది. మేజరు లేవలేదు. సర్దుకుంటున్నట్టు నటించాడు. మళ్లీ కిర్రుమంది.

నేవీ ఆయన ఎగతాళి చేస్తాడేమోనని ఆయన భార్య ముందుగానే భుజం గిల్లింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమోయ్ మేజరూ, మా ఓడలో గోడగోడకీ ఇలాంటి కడ్డీలే. కెప్టెనూ పట్టుకునేవాడు, వంటవాడూ పట్టుకునేవాడు. పట్టుకోనివాడి కోసం సముద్రంలో వెతికేవాళ్లం."

మేజరు కాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత గడ్డం పైకెత్తాడు. కూర్చునే ఉన్నా, వెన్ను నిలబడినట్టే ఉంది.

"రిపోర్టు" అన్నాడు. "మేజరు, రిటైర్డ్. కుర్చీలోంచి లేవలేకపోతున్నాను. చాలా రోజులైంది. సాయం కావాలి."

పెద్దావిడ తువ్వాలు కోసం చుట్టూ వెతికి, దొరక్క, కొంగుతో కళ్లు తుడుచుకుంది. థెరపిస్టు అప్పుడు మాత్రమే చెయ్యి అందించింది. వడ్రంగి ఎవరూ చెప్పకుండానే దిమ్మలు తిరిగి బిగించాడు.

పెద్ద మేడమ్ బాత్రూంలో ప్రతి కడ్డీనీ తన బరువంతా వేసి లాగి చూసింది. ఒక్కటీ కదల్లేదు. బయటికి వచ్చి తల ఊపింది. "పేషెంటు లేని ఇంట్లో పేషెంటును పట్టుకున్నావు. ఆయన మోకాళ్లని మన డాక్టరుకి చూపించే పూచీ నీది. రేపటి నుంచి ఇళ్లకి ఒక్కదానివే వెళ్లు. కానీ ఇంట్లో అడుగుపెట్టాక పేరు కూడా అడుగమ్మా."

సాయంత్రానికి పక్కిల్లు సిద్ధమైంది. అక్కడ ఏ కడ్డీ ఎక్కడుండాలో మేజరు దగ్గరుండి ఆర్డర్లు వేశాడు. ఇంటికి వచ్చి సింహాసనం మీద కూర్చుని, ఎప్పటిలాగే వంటింటి వైపు కేకేశాడు. "ఏమేవ్, కాఫీ!"

"గిన్నె పొయ్యి పక్కనే ఉంది. లేచి పెట్టుకోండి" అని లోపల్నుంచి జవాబొచ్చింది.

మేజరు నివ్వెరపోయి, సంచి సర్దుకుంటున్న థెరపిస్టు వైపు తిరిగాడు. "ఇదేమిటమ్మాయ్? ఇది కూడా మీ వైద్యంలో భాగమేనా?"

"అసలు వైద్యం ఇదే సార్. ఇప్పటిదాకా చేసింది వడ్రంగం."

మేజరు జీవితంలో మొదటిసారి కాఫీ పెట్టాడు. తాగినవాళ్లంతా "బాగానే ఉంది" అన్నారు.