అరవై ఏడు సార్లు బతికిన మొగిలమ్మ

1961 వేసవిలో వరంగల్ పట్టణానికి పెద్ద కష్టం వచ్చింది. కొత్తగా వెలసిన నవనిర్మాణ కళాశాల వారు, సీటు కావాలంటే మార్కులొక్కటే చాలవనీ, అభ్యర్థి ఇంతవరకు సమాజానికి ఏం మేలు చేశాడో సొంత మాటల్లో, ఒక ఫుల్‌స్కేపు కాగితం నిండా ఇంగ్లీషులో రాసి దరఖాస్తుకు జతపరచాలనీ ప్రకటించారు. ఎండలకూ నీళ్ళ కరువుకూ బెదరని ఊరు ఈ ప్రకటనకు బెదిరింది. ఇంటింటా వెతుక్కున్నారు. చేసిన మేలు ఒక్కటీ దొరకలేదు. అది వాళ్ళ తప్పు కాదు. మేలు చేయవలసి ఉంటుందని ముందుగా ఎవరూ నోటీసు ఇవ్వలేదు.

హన్మకొండలో సారంగపాణి సారు ఉన్నాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయి నాలుగేళ్ళు. ఉన్నది ఒక్క కూతురు, నిర్మల. మొదట ఆయన గడప తొక్కింది బట్టల దుకాణం రామలింగం.

"సార్, మా పిలగాని గురించి జర మంచిగ రాయాలె."

"మేలేం చేసిండు?"

"అదే కద సార్ ఫికర్. తొమ్మిదింటికి లేస్తడు, తింటడు, మల్ల పంటడు. ఎవ్వలికి కీడైతె చెయ్యలే."

"అది గూడ మేలే. కని కాగితం నిండదు" అన్నాడు సారు.

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. అయితే ముప్పై ఏళ్ళు కాంపొజిషన్ రాయించిన మనిషి. యేటా పరీక్షకు తప్పకుండా వచ్చే అంశం రైల్వే స్టేషను. అలవాటు కొద్దీ చెయ్యి అటే పోయింది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద రామలింగం కొడుకును నిలబెట్టాడు. పట్టాల మీద ఒక ముసలమ్మను పెట్టాడు. దూరాన రైలు కూత వేయించాడు. పిల్లవాడు దూకి అవ్వను ఇవతలికి లాగేసరికి కాగితం సరిగ్గా నిండింది.

వారం తిరక్కుండా సారు అరుగు మీద కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి తొడిగే మనిషి కాదాయన. పొడుగు కాళ్ళవాడు జీటీ ఎక్స్‌ప్రెస్ ముందు నుంచి అవ్వను లాగాడు. లావుపాటివాడికి ఆగి ఉన్న ప్యాసింజరు ఇచ్చాడు; గార్డు విజిల్ వేశాడు గానీ బండి కదలలేదు. ఆయాసం ఉన్నవాడు ప్లాట్‌ఫారం మీదనే కూర్చుని కేకేశాడు. అవ్వ తనే తప్పుకుంది. వకీలు కిషన్ రావు మాత్రం తన కొడుకు కాగితం చదివి ముఖం చిట్లించాడు.

"గూడ్సు బండి ఏంది సార్? మా ఇజ్జత్ ఏం గావాలె? ఎక్స్‌ప్రెస్ పెట్టుండ్రి."

సారు మెత్తని మనిషి. ఎక్స్‌ప్రెస్ పెట్టాడు.

కాలేజీ వారు తెలివైనవారు. మేలు పొందిన వ్యక్తి ధ్రువీకరణ కూడా జతపరచాలని ఇంకో ప్రకటన చేశారు. అప్పుడు ఊరంతా కలిసి మొగిలమ్మను కనుక్కుంది. ఆమె కాజీపేట స్టేషన్లో ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముకునే అవ్వ. కళ్ళకు పొరలు కమ్మి, ఎదుట నిలబడ్డ మనిషి కూడా ఆమెకు నీడలాగే కనిపిస్తాడు. కాగితాల మీద వేలిముద్రలు వేసీ వేసీ బొటనవేలు నేరేడుపండు రంగుకు వచ్చింది.

"ఇయ్యాల ఎన్నోది బిడ్డా?" అని అడిగేది.

"నలభై మూడోది అవ్వా."

"ఏ రైలు?"

"దక్షిణ్ ఎక్స్‌ప్రెస్."

"నిన్న గూడ గదే గద! రోజు గదే రైలు కింద పడుతాన్నా? జర మార్చుండ్రి. నాకు బుద్ధి లేదనుకుంటరు."

దరఖాస్తులు అరవై ఏడయ్యాయి. ఇంత ప్రమాదం జరుగుతుంటే ఊరుకోకూడదని ఎవరో పెద్దమనిషి స్టేషను బయట ఒక బోర్డు కూడా పెట్టించాడు: "వృద్ధ స్త్రీలు పట్టాలు దాటరాదు." మొగిలమ్మ రోజూ దాని కిందనే గంప దించుకునేది. మంచి నీడ.

అరవై ఎనిమిదో దరఖాస్తు నిర్మలది. పీయూసీలో లెక్కల్లో జిల్లాకు మొదటిది. ఆడపిల్లలకు ఉన్నవి రెండే సీట్లు. ఇక్కడ రాకపోతే హైదరాబాదు పంపే తాహతు సారు పెన్షనుకు లేదు. పైగా నిర్మల పెద్దమ్మ మడికొండ సంబంధం ఒకటి పట్టుకొచ్చి, జవాబు కోసం రెండు నెలలుగా కాచుకుని ఉంది.

"నీకు గూడ రాస్త బిడ్డా. మంచి రైలు పెడుత" అన్నాడు సారు.

"నేను అవ్వను కాపాడలే బాపు."

"ఎవ్వలు కాపాడిన్రు? రాసుకుంటాన్రు, అంతే."

"నేను రాసుకోను. నాది నేనే రాసిన, ఇచ్చి వచ్చిన."

అయినా సారు రాశాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ రాయలేదు. ఇంటర్వ్యూ నాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని, కూతురు కంటే ముందే కాలేజీకి పోయాడు. గుమస్తా పాత శిష్యుడే. నమస్కారం పెట్టి, ఫైలు ముందు పెట్టి, మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు. సారు ఫైలు తెరిచాడు. నిర్మల దస్తూరీ అచ్చం వాళ్ళమ్మ దస్తూరీ. ఆ కాగితం తీసేసి తనది పెట్టడానికి చెయ్యి రాలేదు. ఫైలు మూసి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. అంతటి పనిలో ఆయన దాహం కూడా ఒకరికి కనిపించింది.

లోపల మొగిలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావు గారు లేచి ప్రసంగించారు: "మన యువకుల సేవాతత్పరతకు నా కళ్ళు చెమర్చుతున్నాయి. ఒకే వృద్ధురాలిని అరవై ఏడుగురు కాపాడిన దాఖలా ఈ దేశంలో మరెక్కడా లేదు. అన్నిసార్లూ ఓపికగా పట్టాల మీదికి వెళ్ళి, యువతకు సేవచేసే అవకాశం కల్పించిన ఈ మాతృమూర్తి త్యాగాన్ని కూడా మనం మరువరాదు."

కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాగితం చదివారు. అవ్వ ఒక్కొక్కరినే దీవించింది. చివరికి నిర్మల వచ్చింది. ఆమె కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలు: "నేను ఇంతవరకు సమాజానికి చెప్పుకోదగ్గ మేలేదీ చేయలేదు. ఇంట్లో వంట చేస్తాను. లెక్కలంటే ఇష్టం. చదువుకుంటే ఏమైనా చేయగలనో లేదో తెలియదు. చదువుకోకపోతే చేయలేనని మాత్రం తెలుసు."

ఆ గొంతు విని మొగిలమ్మ తల ఎత్తింది. "ఈ పిల్లనే గద! కండ్లు సూపియ్య నన్ను మూడు సార్లు దవాఖానకు తోల్కపోయింది."

కమిటీ సభ్యుడొకాయన కలం తీశాడు. "అందులో రైలు ఉందా?"

"రైలేడిది బిడ్డా? నడిసే పోయినం."

"అయితే రాయనక్కర్లేదు" అని కలం మూశాడు.

కానీ ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. "అద్భుతం! అరవై ఏడు రైళ్ళ తర్వాత ఎంత కొత్త కల్పన! ఏ మేలూ చేయలేదట! ఇంతటి ఊహ ఎవరికీ తట్టలేదు. ఎవరు రాసిచ్చారమ్మా?"

"నేనే రాసుకున్న సార్."

కమిటీ అంతా హాయిగా నవ్వింది. ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోంచి సారంగపాణి సారును చూసి, అంతా తెలిసినట్టు తల పంకించారు. నిర్మలకు మొదటి సీటు ఇచ్చారు. సారు జేబులోని కాగితం ఆ సాయంత్రం మొగిలమ్మ గంప దగ్గర పల్లికాయ పొట్లమైంది.

మరుసటి యేడు రామలింగం రెండో కొడుకును వెంటబెట్టుకొచ్చాడు.

"సార్, వీడు ఏం మేలు చెయ్యలేదని జర గట్టిగ రాయాలె."

"నిజంగనే చెయ్యలే కద. వానినే రాసుకోమను."

"చెయ్యలే సార్. కని మీరు రాస్తెనే నమ్ముతరు."

సారు మళ్ళీ కలం తీశాడు. అరుగు మళ్ళీ నిండింది. ధ్రువీకరణ నియమం అలాగే ఉంది గనక, మొగిలమ్మ మళ్ళీ వేలు చాపింది. "ఈ అభ్యర్థి నన్ను ఏనాడూ కాపాడలేదు" అని ఉంటుంది పైన.

ఆ జూన్‌లో ఒకనాడు కాజీపేటలో మొగిలమ్మ నిజంగానే కాలు జారి పట్టాల మీద పడింది. గంప బోర్లాపడింది. ఎదురుగా గూడ్సు వస్తోంది. ఆమె వేలిముద్ర కోసం వచ్చిన పదకొండు మంది అభ్యర్థులు ప్లాట్‌ఫారం మీదనే ఉన్నారు. ప్రతివాడి చేతిలోనూ ఆమెను ఏనాడూ కాపాడలేదన్న కాగితం ఉంది. చెయ్యి చాపితే ఆ కాగితం అబద్ధమవుతుంది. వాళ్ళు సత్యం తప్పేవాళ్ళు కారు. నిలబడి చూశారు.

ఇంజను డ్రైవరు చూసి బ్రేకు వేశాడు. బండి మూరెడు దూరంలో ఆగింది. ఆయన ఏ కాలేజీకీ దరఖాస్తు పెట్టుకోలేదు.

మొగిలమ్మ లేచి, చీర దులుపుకుని, తడుముకుంటూ ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చింది.

"తేండ్రి బిడ్డా కాగితాలు" అంది. "ఇన్నాళ్ళకు నిజమైన దానికి ఏలు పెడుత."

పదకొండు మందికీ సీట్లు వచ్చాయి. చదువులు పూర్తిచేసుకుని ఇప్పుడు రకరకాల ఆఫీసుల్లో ఉన్నారు. మీరు అర్జీ పట్టుకుని వెళ్ళినప్పుడు బల్ల అవతల కదలకుండా కూర్చుని చూసేది వాళ్ళే. వాళ్ళ మీద కోపగించుకోకండి. అలా చూస్తూ ఉంటామని ముందే రాసిచ్చారు, కింద మొగిలమ్మ వేలిముద్ర కూడా ఉంది.